బంద్ రోజు మీటరు

నాకు నోరు ఎక్కువ. ఈ మాట మా ఆయన వెంకటసుబ్బారావు గారు ముప్ఫై ఏళ్లుగా అంటున్నారు, నేను ముప్ఫై ఏళ్లుగా కొట్టిపారేస్తున్నాను. కానీ రెండు వేల పదకొండులో, సకల జనుల సమ్మె రోజుల్లో, ఈ నోటి వల్లే ఒక మంచి మనిషికి దొంగ అన్న పేరు రాబోయింది. అక్కర్లేని చోట నోరు పారేసుకున్నాను. తెరవాల్సిన చోట మూసుకుని కూర్చున్నాను. రెండూ ఒకే సాయంత్రం చేశాను.

తార్నాక మెయిన్ రోడ్డు మీద శ్రీనిధి కాంప్లెక్స్ అని నాలుగంతస్తుల బిల్డింగుకు నేను మేనేజర్ని. ఇరవయ్యారు దుకాణాలు, ఆఫీసులు. కింద చీరల షోరూము, దాని పైన క్లినిక్కులు, కంప్యూటర్ క్లాసులు, నాలుగో అంతస్తు మొత్తం కోచింగ్ సెంటరు. అన్నిటికీ కలిపి ఒకటే మీటరు. వచ్చిన బిల్లును ఎవరి గది ఎంత పెద్దదో చూసి పంచేసేవాళ్లం. అందుకని ఎవరు ఎంత కాల్చినా ఇంకొకడికి పట్టేది కాదు.

బిల్డింగు తెరిచిన రోజు నుంచీ ఎలక్ట్రీషియన్ లక్ష్మీనర్సయ్య. పద్దెనిమిదేళ్లు. జనగామ దగ్గర పల్లె ఆయనది. బోరు కింద ఉన్న కాస్త పొలం తమ్ముడికి వదిలేసి పట్నం వచ్చాడు. మల్కాజ్‌గిరి నుంచి రోజూ సైకిలు మీద వస్తాడు. అన్ని గదుల తాళాలూ ఆయన నడుముకే వేలాడుతుంటాయి. సాయంత్రం నాలుగింటికి నా ఆఫీసు రూములో ఇద్దరికీ స్టీలు గ్లాసుల్లో టీ. నేను టీ అంటాను, ఆయన చాయ్ అంటాడు, ఎవరి మాట వాళ్లదే. వాళ్లమ్మాయి కరుణ చిన్నప్పుడు బడి అయ్యాక నా టేబుల్ పక్కన నేల మీద కూర్చుని హోంవర్కు చేసుకునేది. నన్ను ఆంటీ ఆంటీ అని ఊపిరాడనిచ్చేది కాదు. ఇప్పుడు యూనివర్సిటీలో ఎలక్ట్రికల్‌లో ఎం.టెక్ చదువుతోంది, హాస్టల్లో ఉంటోంది.

ఇక దేవుడి బల్బు సంగతి చెప్పాలి. మా బిల్డింగులో ప్రతి దుకాణంలోనూ ఒక దేవుడి పటం, దాని ముందు ఎర్ర జీరో బల్బు. తెరిచిన ఏడాదే షోరూము సుబ్బరాయుడు గారు ఒక రాత్రి మెయిన్ దించేసి ఇంటికి వెళ్లారు. వారం తిరక్కుండా పైన నీళ్ల పైపు పగిలి పట్టుచీరల బేళ్లు తడిసిపోయాయి. ఇంకేం, నేను ఊరుకుంటానా? "దేవుడి దీపం ఆర్పి పోతే ఇంకేమవుతుంది మరి!" అని అందరి ముందూ కేకలేసి, ఎర్ర సిరాతో ఒక నోటీసు రాసి మీటరు గదిలో ప్యానెల్ బోర్డు మీద అంటించాను. "ఎవరూ మెయిన్ దించరాదు. దేవుని దీపం ఆరిపోవును. ఇట్లు, పి. పద్మావతి, మేనేజరు." పైపు పగలడానికీ బల్బుకూ సంబంధం ఏమిటని ఒక్కరూ అడగలేదు. నన్ను నేను అసలే అడగలేదు.

ఆ సెప్టెంబరులో ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బొగ్గు గనులు ఆగిపోయాయి, బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. కరెంటు కోత రోజురోజుకీ పెరిగింది. తార్నాక చౌరస్తాలో, మా బిల్డింగుకు కూతవేటు దూరంలో, రిలే దీక్షల టెంటు వేశారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాటలు, నినాదాలు. పని అయ్యాక లక్ష్మీనర్సయ్య అక్కడ కాసేపు కూర్చుని వెళ్లేవాడు. నేను కిటికీలోంచి చూసేదాన్ని. ఏమీ అనేదాన్ని కాదు గానీ, లోపల ఏదో గుచ్చుకునేది. మాది తెనాలి. ఇక్కడికొచ్చి ముప్ఫై ఏళ్లు. "ఇక్కడ ఉండనిస్తారా?" అని మా వాళ్లు ఫోన్లు చేసి అడుగుతుంటే ఒళ్లు మండేది. ఎవరి మీద మండేదో నాకే తెలిసేది కాదు.

మొదటి బంద్ రోజు ఒక్క షట్టరూ లేవలేదు. మా ఇల్లు వెనక వీధే కాబట్టి పొద్దున ఎనిమిదింటికి వెళ్లి మీటరు రీడింగు రాసుకున్నాను. కరెంటు కరువు రోజులు కదా, బంద్ పుణ్యమా అని ఎంత మిగిలిందో చూద్దామని సరదా. సాయంత్రం ఆరింటికి వెళ్లి మళ్లీ రాసుకున్నాను. తీసివేస్తే రెండు వందల పది యూనిట్లు. మామూలుగా బిల్డింగంతా కిటకిటలాడే రోజున అదే వ్యవధిలో అయ్యేది ఐదు వందల చిల్లర. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. కరెంటు కాలే కొద్దీ మిణికే చిన్న ఎర్ర లైటు మీటరు మీద టకటకా మిణుకుతోంది. లోపల మనిషన్నవాడు లేడు.

మర్నాడు సాయంత్రం కమిటీ మీటింగు. కోతల గురించి ఏదో మాట్లాడుకుంటున్నారు. నేను ఆగలేకపోయాను.

"తాళాలేసిన బిల్డింగు రెండు వందల యూనిట్లు ఎలా తింటుందండీ? ఎవరో లాగేసుకుంటున్నారు!"

మాట నోట్లోంచి ఊడిపడింది. కమిటీ ప్రెసిడెంటు సుబ్బరాయుడు గారే. ఆయన మెల్లిగా కళ్లజోడు తీసి, "తాళాలు ఎవరి దగ్గర ఉంటాయమ్మా?" అన్నారు.

అందరూ గుమ్మం వైపు చూశారు. లక్ష్మీనర్సయ్య అక్కడ నిలబడి ఉన్నాడు, చేతిలో టెస్టరుతో.

"చౌరస్తాలో ఆ టెంటుకు ట్యూబులైట్లు, మైకు సెట్టు నడుస్తున్నాయి. వాటికి కరెంటు ఎక్కడిదో?" అన్నారు సుబ్బరాయుడు గారు.

"గా టెంటుకు బ్యాటరీలున్నయి సార్. పోయి చూడుండ్రి. నేనెవ్వనికీ వైరు ఇయ్యలే," అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"అయితే రెండు వందల యూనిట్లూ ఎటు పోయాయి?"

లక్ష్మీనర్సయ్య నా వైపు చూశాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. నేను అనాల్సింది ఒక్క మాట. ఈ మనిషిని పద్దెనిమిదేళ్లుగా ఎరుగుదును, ఒక స్క్రూ కూడా జేబులో వేసుకోడు అని. ఆ మాట నాలుక మీదే ఉంది. అనలేదు. రీడింగు పుస్తకంలోకి తల దించుకున్నాను.

ఒకటో తారీఖు మీటింగులోపు సంజాయిషీ ఇవ్వాలనీ, లేకపోతే పని పోవడమే కాక పోలీసు కంప్లైంటు కూడా ఇస్తామనీ తీర్మానించారు. కరెంటు దొంగతనం కేసంటే మాటలా? మనిషి జైలుకు పోతాడు, ఎవరూ మళ్లీ పనిలో పెట్టుకోరు. లక్ష్మీనర్సయ్య మెట్లు దిగిపోయాడు. మర్నాడు నాలుగింటికి టీ పోసి కూర్చున్నాను. రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. చల్లారిన గ్లాసు పారబోశాను.

నాలుగో రోజు యూనివర్సిటీకి బయల్దేరాను. తండ్రి నోరు విప్పకపోతే కూతురైనా విప్పుతుందని ఆశ. బస్సుల్లేవు, ఆటోవాడు చౌరస్తా దాటనన్నాడు. నడిచాను. గేటు దగ్గర ముళ్లకంచె, పోలీసు వ్యాన్లు, నేల మీద పగిలిన రాళ్లు. నేను నోరు తెరిస్తే నా యాస పట్టేస్తారని భయం. ఎంత సిగ్గుచేటు! ముప్ఫై ఏళ్లుగా పొద్దున్నే వాకింగుకు వెళ్లిన క్యాంపస్ అది. మెడలో గులాబీ కండువాతో ఒక అమ్మాయి ఎదురొచ్చి, "యాడికి పోవాలె ఆంటీ?" అంది. చెప్పాను. "ఎండల గింత దూరం నడుస్తరా?" అని నా సంచి తీసుకుని ఎలక్ట్రికల్ ల్యాబు దాకా దిగబెట్టింది. నా యాసను ఆ పిల్ల పట్టించుకోనే లేదు.

ల్యాబులో కరుణ ఒక్కతే ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఏంది మేడం, గింత దూరం వచ్చిన్రు?"

మేడం! చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టదు.

"మీ నాన్న ఏమీ మాట్లాడటం లేదు కరుణా."

"ఏం మాట్లాడాలె? తియ్యని కరెంటు ఏడ పెట్టినవో చూపియ్యమంటే ఏడికెల్లి తెస్తడు?" అది ఒక అడుగు ముందుకేసింది. "మీరెందుకు ఊకున్నరు మేడం? అందరి ముందట మా నాయిన మీ దిక్కే చూసిండు గద."

అబద్ధం ఆడొచ్చు. కానీ ఆ కళ్ల ముందు ఆడలేకపోయాను. "కూర్చున్నవాళ్లంతా నాకు తెలిసినవాళ్లు, మావైపువాళ్లు. వాళ్లకి ఎదురు చెప్పడానికి ధైర్యం చాల్లేదమ్మా. ఆ నిమిషంలో మీ నాన్నకంటే వాళ్ల ముఖాలే ఎక్కువైపోయాయి. నాదే తప్పు. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు, చేస్తాను."

అది స్టూలు నా ముందుకు జరిపింది. తనూ కూర్చుని ఒక కాగితం తీసుకుంది.

"బంద్‌కు ముందటి దినం కరెంటు పోయిందా?"

"రోజూ పోతోందిగా. ఏడుంబావుకి పోయింది."

"మళ్ల ఎప్పుడొచ్చింది?"

"తొమ్మిది దాటాక."

"దుకాణాలు ఎప్పుడు మూసిన్రు?"

"చీకట్లో ఎవరు కూర్చుంటారే? కరెంటు పోయిన పది నిమిషాలకే సెల్‌ఫోన్ల వెలుతురులో షట్టర్లు దించేసి వెళ్లిపోయారు."

"స్విచ్చులు?"

"చీకట్లో స్విచ్చులెవడు వెతుక్కుంటాడు?"

"అయితే మెయిన్ దించి పోయిన్రా?"

"మెయిన్ ఎలా దించుతారు? కరెంటు వచ్చాక దేవుడి బల్బు..." అని ఆగిపోయాను.

కరుణ పెన్ను కింద పెట్టింది. "తొమ్మిది గంటలకు దేవుని బల్బొక్కటే వెలుగలే మేడం. ఏసీలు షురూ అయినయి, లైట్లు వెలిగినయి, వాటర్ కూలర్లు, ఫ్యాన్లు అన్నీ నడిచినయి. ఎవ్వరూ లేని బిల్డింగుల తెల్లారిందాక, మళ్ల బంద్ దినమంతా. ఎవ్వరూ దొంగతనం చెయ్యలే. మీ బిల్డింగే తిన్నది."

నా నోట మాట రాలేదు. ఇది నాకు ఎంత అరుదో మా ఆయన్ని అడగండి.

"మరి దీన్ని కమిటీకి ఎలా నిరూపించడం? మెయిన్లు దించి చూద్దామంటే సుబ్బరాయుడు గారు మీటరు గదిలోకే రానివ్వరు."

కరుణ బీరువాలోంచి పటకారులాంటి ఒక పరికరం తీసింది. "దీన్ని క్లాంప్ మీటరంటరు. వైరు చుట్టూ పట్టుకుంటే చాలు, అందుల ఎంత కరెంటు పోతుందో చెప్తది. ఏ స్విచ్చూ ఆపేడిది లేదు. మీ దేవుడు కూడ పరేషాన్ కాడు." కొంచెం ఆగి, "మా ఊర్ల మా చిన్నాయన మడికి కరెంటు రోజుకు మూడు గంటలే వస్తున్నది మేడం. అది కూడ ఎప్పుడొస్తదో తెల్వక మోటరు కాడనే పండుకుంటున్నడు. గీడ ఖాళీ గదులల్ల ఏసీలు నడుస్తున్నయి," అంది.

ఒకటో తారీఖుకు ముందు రోజే ఇంకో బంద్ వచ్చింది. ఆ ముందు సాయంత్రం కూడా కోత పడింది, అందరూ చీకట్లోనే ఇళ్లకు పోయారు. నేను సుబ్బరాయుడు గారికి ఫోను చేసి, "దొంగను పట్టుకున్నాను, రేపు పొద్దున వచ్చి కళ్లారా చూడండి," అన్నాను. అలా చెప్పకపోతే ఆయన వచ్చేవారా? బౌద్ధనగర్ నుంచి నడుచుకుంటూ చెమటలు కక్కుతూ వచ్చారు. కరుణ తండ్రిని బతిమాలి తీసుకొచ్చింది. లక్ష్మీనర్సయ్య నా వైపు చూడకుండా మీటరు గది తలుపు తీశాడు.

ముందు మీటరు మీది ఎర్ర లైటును లెక్కపెట్టించాను. సుబ్బరాయుడు గారు తన చేతి గడియారం చూస్తూ తనే లెక్కపెట్టారు. నిమిషానికి ముప్ఫై ఎనిమిది మిణుకులు. తర్వాత కరుణ ఒక్కో దుకాణం వైరుకు పటకారు తగిలించడం మొదలుపెట్టింది. లక్ష్మీనర్సయ్య ఏ వైరు ఎవరిదో చెబుతున్నాడు.

"నాలుగో అంతస్తు, కోచింగ్ సెంటర్," అన్నాడు. పరికరంలో అంకె చూసి కరుణ కళ్లు పెద్దవి చేసింది.

ఆ కోచింగ్ సెంటరు దేవేందర్‌ది. కుర్రాడు టెంటులోనే ఉన్నాడు, పిలిపించాను. అందరం కలిసి పైకి వెళ్లాం. తలుపు తీయగానే చలి ముఖానికి కొట్టింది. బెంచీలన్నీ ఖాళీ. ఆరు విండో ఏసీలు గోల చేస్తూ తిరుగుతున్నాయి.

"ఏమయ్యా దేవేందర్, పొద్దున్నుంచి టెంటులో గొంతు చించుకుంటున్నావు. మరి ఈ బెంచీలకు ఉక్కపోస్తోందనా ఈ ఏసీలు?" అన్నాను.

దేవేందర్ తల గోక్కున్నాడు. "అరే, పరువు పాయె గద మేడం! కరెంటు పోయిందని గట్లనే పోయినం. మళ్లొస్తదని సోయి లేకపాయె."

సుబ్బరాయుడు గారు నవ్వబోయారు. "నవ్వకండి, తర్వాతది మీదే," అన్నాను. కిందికొచ్చి షోరూము షట్టరు ఎత్తితే, అద్దాల వెనక పట్టుచీరలు కట్టుకున్న బొమ్మలు వరసగా దీపాల వెలుగులో నిలబడి ఉన్నాయి. చూసే దిక్కు లేదు. ఆయన గబగబా షట్టరు దించేశారు.

మళ్లీ మీటరు గదికి వచ్చాం. ఒక్కటొక్కటే తేలుతున్నాయి. కంప్యూటర్లు, కూలర్లు, పంకాలు. చివర్న ఒక వైరు మిగిలింది. కరుణ పటకారు తగిలించి, అంకె చూసి, తండ్రి వైపు చూసింది.

"గా వైరు వదిలెయ్ బిడ్డా," అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"ఎవరిది?" అన్నాను.

"ఏం లేదు మేడం. చిన్నదే."

"ఎవరిదయ్యా?"

ఆయన నేల చూపులు చూశాడు. "మీ రూముది. గీజరు."

నా ఆఫీసు రూము బాత్రూములో గీజరు ఉంది. టీ గ్లాసులు వేడి నీళ్లతోనే కడగాలని నా చాదస్తం. దాని స్విచ్చు తలుపు వెనక ఉంటుంది. ఎప్పుడు ఆపానో గుర్తు తెచ్చుకోబోయాను. గుర్తు రాలేదు. ఎందుకంటే ఎప్పుడూ ఆపలేదు.

"నీకు ముందే తెలుసా?"

"పదేండ్ల సంది ఎరుకే మేడం. గిదంత ఎరుకే, ఏసీలు, లైట్లు, అన్నీ."

"మరి ఆ రోజు మీటింగులో చెప్పవేం? నీ మీద దొంగతనం మోపుతుంటే?"

లక్ష్మీనర్సయ్య ప్యానెల్ బోర్డు మీది నోటీసు వైపు చెయ్యి చూపించాడు. ఎర్ర సిరా వెలిసిపోయింది గానీ అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి.

"ఎట్ల చెప్పాలె? మెయిన్ ఎందుకు దించలేదంటే గా కాయితం చూపియ్యాలె. గా కాయితం మీద మీ పేరున్నది. గంత మంది ముందట మీ పేరు తియ్యబుద్ధి కాలే."

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. నేను నోరు మూసుకుని ఆయన్ని దొంగను చేస్తుంటే, ఆయన నోరు మూసుకుని నన్ను కాపాడాడు. జైలు ముందు నిలబడి కూడా. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. కరుణ ముఖం పక్కకు తిప్పుకుంది.

నోటీసు మూల పట్టుకుని లాగాను. పద్దెనిమిదేళ్ల జిగురు, ముక్కలు ముక్కలుగా ఊడింది. గోళ్లతో గీకి మరీ తీశాను.

"అదేమిటమ్మా! మెయిన్ దించితే దేవుడి బల్బు ఆరిపోదూ?" అని సుబ్బరాయుడు గారు కంగారుపడ్డారు. ఆయనకు నిజంగానే భయం. ఆ భయం పెట్టింది నేనే కదా, ఏమనగలను?

లక్ష్మీనర్సయ్యే అన్నాడు. "దేవునికి వేరే లైను ఇద్దాం సార్. పై నుంచి కిందికి ఒక్క వైరు గుంజుత. ఇరవయ్యారు బల్బులు దాని మీదనే. మెయిన్లు దించి పోండ్రి, దేవుడు వెలుగుతనే ఉంటడు."

"జీరో బల్బులు తీసేసి చిన్న ఎల్ఈడీలు పెడితే, ఇరవయ్యారు దేవుండ్లకు కలిపి ఒక్క ట్యూబులైటుకు అయ్యేదాంట్ల సగం కూడ కాదు," అంది కరుణ.

సుబ్బరాయుడు గారు ఖాళీ అయిన బోర్డు వైపు చూశారు. "ఆ లైను మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు మరి," అన్నారు.

"నా చేతిలున్నంత వరకు ఎవ్వరు ముట్టరు," అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"నీ చేతిలోనే ఉంటుందయ్యా," అన్నారు సుబ్బరాయుడు గారు, ఆయన ముఖం చూడకుండా.

మర్నాడు మీటింగులో నేనే ముందు లేచాను. "దొంగ దొరికింది. పద్దెనిమిదేళ్ల కిందట ఎర్ర సిరాతో నోటీసు అంటించి, పదేళ్లుగా గీజరు ఆర్పని మనిషి. కంప్లైంటు ఇస్తారో మానతారో మీ ఇష్టం," అని కూర్చున్నాను. మొదట ఎవరికీ అర్థం కాలేదు. దేవేందర్ లేచి తన ఏసీల కథ చెప్పాక నవ్వులు మొదలయ్యాయి. సుబ్బరాయుడు గారు తీర్మానం చించేసి, లక్ష్మీనర్సయ్యను లోపలికి పిలిచి, అందరి ముందూ చేతులు పట్టుకున్నారు. ఆ మాత్రం పెద్దరికం ఆయనకు ఉంది. చివరగా వెళ్లేవాళ్లు మెయిన్ దించి వెళ్లాలని కొత్త పద్ధతి పెట్టుకున్నాం. ఈసారి నోటీసు రాయనన్నాను. నా నోటీసుల సంగతి అందరం చూశాం కదా.

అంతా ఒక్కసారిగా బాగుపడిపోయిందని చెబితే అబద్ధమే. కంప్యూటర్ క్లాసుల ఆయన మూడు రోజులు మర్చిపోయాడు. రెండో అంతస్తు డాక్టరమ్మ తన మేరీమాత పటానికి లైను ఇవ్వరేమోనని అలిగింది. ముందు ఆమె గదికే వైరు లాగాడు లక్ష్మీనర్సయ్య. దసరా లోపు మొత్తం లైను పూర్తయింది. పండగ రోజు పొద్దున్నే ప్యానెల్ బోర్డుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, టెస్టరు, కటింగ్ ప్లేయరు ముందుంచి పూజ చేశాడు. సాయంత్రం వచ్చి అందరికీ జమ్మి ఆకు చేతిలో పెట్టాడు. నాకూ పెట్టాడు. "మంచిగుండుండ్రి మేడం," అని వెళ్లిపోయాడు.

టీకి మాత్రం రాలేదు. పని ఉంది, పేరు నిలబడింది, అందరితో మాట్లాడుతున్నాడు, నాతో కూడా పని మాటలన్నీ మాట్లాడుతున్నాడు. నాలుగింటికి నా గది గుమ్మం మాత్రం తొక్కడం లేదు. నేను మీటింగులో చెప్పుకున్నది కమిటీకి. ఆయనకు విడిగా ఏం చెప్పాను? ఏమీ చెప్పలేదు. చెప్పబోయిన ప్రతిసారీ ఏదో పని మాట అడిగి పంపేసేదాన్ని. ఊరందరి మీదా విరుచుకుపడే నోరు ఈ ఒక్క మాటకు రాదేమిటి అని నన్ను నేనే తిట్టుకున్నాను.

దసరా వెళ్లిన వారానికి మూడో బంద్. ముందు రోజు సాయంత్రం ఏడింటికే కరెంటు పోయింది. నేను చీకట్లో నా రూము మెయిన్ దించి మెట్ల మీద నిలబడ్డాను. పై నుంచి వరసగా టక్, టక్ మని చప్పుళ్లు వినిపించాయి. ఒక్కొక్కరే మెయిన్లు దించుతున్నారు. లెక్కపెట్టుకున్నాను. నాదీ కలిపి ఇరవై మూడు.

బంద్ రోజు మధ్యాహ్నం మీటరు గదిలో ముగ్గురం కలిశాం. లక్ష్మీనర్సయ్య, కరుణ, నేను. రోడ్డు మీద మనుషులు లేరు. టెంటులోంచి డప్పు చప్పుడు వినబడుతోంది. షట్టర్ల సందుల్లోంచి ఒక్కో దుకాణంలో చిన్న ఎర్ర వెలుగు కనబడుతోంది, అంతే. మిగతా బిల్డింగు నిద్రపోతోంది. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి నిద్రపోతోంది.

"ఇక్కడ ఆర్పిన కరెంటు మీ చిన్నాన్న మడికి వెళుతుందంటావా?" అని కరుణను అడిగాను.

"సీదా గాడికే పోతదని చెప్పలేను. కానీ ఎవ్వరూ లేని గదికి సల్లగాలి పెట్టే హక్కు మనకు లేదు గద," అంది. "మా ప్రొఫెసర్‌కు చెప్పిన. తార్నాకల ఇంక పది బిల్డింగులు చూద్దామన్నడు. మీరొచ్చి ఒప్పియ్యాలె. మీ నోటికైతేనే వాళ్లు వింటరు."

లక్ష్మీనర్సయ్య మీటరు ముందు ఒంగి నిలబడ్డాడు. గడియారం చూసుకుని లెక్క మొదలుపెట్టాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"లక్ష్మీనర్సయ్యా," అన్నాను. "ఆ రోజు నువ్వు నా వైపు చూశావు. నేను తల దించుకున్నాను. నువ్వు దొంగవి కావని నాకు తెలిసి కూడా దించుకున్నాను. పద్దెనిమిదేళ్లు నా చేత్తో టీ తాగిన మనిషివి. నన్ను క్షమించు."

ఆయన వెనక్కి తిరగలేదు. చెయ్యి ఎత్తి, "జెర ఆగుండ్రి మేడం, లెక్క తప్పుతది," అన్నాడు.

నోరు మూసుకున్నాను. ఎర్ర లైటు ఒకసారి మిణికింది. ఎంతసేపటికో మళ్లీ మిణికింది. ఆ నిమిషం నాకు గంటలా గడిచింది.

"ఐదు," అన్నాడు లక్ష్మీనర్సయ్య. "ముప్పై ఎనిమిదికెల్లి ఐదు." నడుము నిటారు చేసుకుని నా వైపు తిరిగాడు. ఆయన కళ్లు కూడా తడిగా ఉన్నాయి. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"నాలుగైతున్నది గద మేడం. చాయ్ పెట్టరా?"

తల ఊపాను.

"పా ఆంటీ, నేను గూడ తాగుత," అంది కరుణ, నా చెయ్యి పట్టుకుని.

మెట్లెక్కుతుంటే లక్ష్మీనర్సయ్య వెనక నుంచి కేకేశాడు. "గిలాసలు మాత్రం సల్ల నీళ్లతోనే కడుగుండ్రి మేడం. గీజరు నేను పీకేసిన!"